నంబర్ల చిట్టా రాసిన జాన్ పోస్టెల్

అమీర్‌పేటలో మైత్రీవనం చుట్టుపక్కల ఏ గల్లీలోకి తొంగిచూసినా నెట్‌వర్కింగు నేర్పుతామనే బోర్డు ఒకటి కనపడుతుంది. జిల్లాల నుంచి వచ్చి, ఎస్.ఆర్. నగర్‌లోనో పంజాగుట్టలోనో హాస్టల్లో ఓ మంచం సంపాదించుకుని, పొద్దున ఒక క్లాసూ సాయంత్రం ఒక క్లాసూ వింటూ, మధ్యలో జిరాక్స్ షాపులో నోట్సు కొనుక్కునే మిత్రులు మనకెందరో ఉన్నారు. మొదటి వారంలోనే వారికి 127తో మొదలయ్యే అడ్రసు దేనికో, 80వ నంబరు పోర్టు దేనికో, 791వ నంబరు పత్రంలో ఏముందో నోటికి వచ్చేస్తుంది. అయితే ఇన్ని నంబర్లను ఎవరు పంచారు, ఎవరు చిట్టా రాశారు, అందరూ ఎందుకు ఒప్పుకున్నారు అన్న ప్రశ్న మాత్రం క్లాసులో సాధారణంగా రాదు. ఇంటర్వ్యూలో అడగరు గదా!

ఆ చిట్టా రాసినవాడు జాన్ పోస్టెల్. దాదాపు ముప్పై ఏళ్ళు రాశాడు. 1998లో కన్నుమూశాడు. ఆయన జీవితంలోకి వెళ్ళేముందు, ఆయన పని మన హాస్టలు గదిలో ఎక్కడ తగులుతుందో కాస్త చూడటం మంచిది. లేకపోతే ఇది ఎక్కడో అమెరికాలో జరిగిన కథలా మిగిలిపోతుంది.

గదిలో ఒక కంప్యూటరు ఉందనుకోండి. గోడ దగ్గర్నుంచి లాన్ వైరు వచ్చి దాని వెనక దిగింది. లోపల వైఫై కార్డు కూడా ఉంది. నెట్ నెమ్మదిగా ఉందని ఎవరో ఫోనును కూడా యు.ఎస్.బి. తీగతో తగిలించారు. ఇప్పుడు ఆ యంత్రానికి బయటి ప్రపంచంలోకి మూడు దారులు. ఏ దారిన పోవాలి? అమీర్‌పేటలో నిలబడి పంజాగుట్ట పోవాలనుకునే మనిషికీ ఇదే ప్రశ్న. 2018 నుంచి మెట్రో ఉంది, ఒక్కటే స్టేషను, బస్సు ఉంది, నడిచినా పోవచ్చు. మనం డబ్బూ, టైమూ, ఎండా లెక్కేసుకుని ఏదో ఒకటి తేల్చుకుంటాం. కంప్యూటరుకి ఎండ తెలియదు. అది ప్రతి దారి పక్కనా ఒక ఖర్చు నంబరు రాసుకుంటుంది. దానికి మెట్రిక్ అని పేరు. నంబరు ఎంత తక్కువైతే ఆ దారికి అంత ముందు పీట. లైనక్సు వాడేవారి యంత్రాల్లో మామూలుగా వైరుకి 100, వైఫైకి 600 అని ఉంటుంది. విండోసు అయితే అడాప్టరు వేగాన్ని చూసి తానే ఒక అంకె వేసుకుంటుంది.

ఇక్కడే చిక్కు. ఆ అంకె వేగాన్ని చూసి వేసిందే గాని, దారి చివర ఇంటర్నెట్టు ఉందో లేదో చూసి వేసింది కాదు. వైరు లాబులోని ప్రింటరు దాకానే పోతున్నా, బయటికి తలుపు లేకపోయినా, చాలాసార్లు యంత్రం ఆ వైరునే పట్టుకు వేలాడుతుంది. పక్కన వైఫై నిండుగా ఉండి కూడా పేజీ తెరుచుకోదు. మందు చిన్నదే. కంట్రోల్ ప్యానెల్‌లో నెట్‌వర్కు కనెక్షన్లు తెరిచి, వైఫై అడాప్టరు ప్రాపర్టీస్‌లో ఐపీ నాలుగో వెర్షను కింద అడ్వాన్స్‌డ్ నొక్కి, ఆటోమేటిక్ మెట్రిక్ అన్న టిక్కు తీసేసి, వైరుకన్నా చిన్న అంకె వేయాలి. ఆరో వెర్షనుకి కూడా విడిగా వేయాలి, చాలామంది ఇది మరిచిపోతారు. ఇట్లా చేస్తే ప్రింటరు పోతుందేమోనన్న భయం అక్కర్లేదు. ఖర్చు నంబరుకన్నా ముందు చూసే నియమం ఇంకొకటుంది: గమ్యాన్ని ఎక్కువ కచ్చితంగా చెప్పే దారిదే గెలుపు. ప్రింటరు ఉన్న వీధి వైరు వైపున ఉన్నదని విడిగా రాసి ఉంటుంది గనక, ప్రింటరు కాగితాలు వైరులోనే పోతాయి. మిగతా లోకమంతా వైఫైలో.

ఈ ఏర్పాటంతటికీ అడుగున ఒక విచిత్రమైన సంగతి ఉంది. అడ్రసు కంప్యూటరుది కాదు, అడాప్టరుది. మూడు అడాప్టర్లుంటే ఒకే యంత్రానికి మూడు అడ్రసులు. మనిషికి అడ్రసు ఇవ్వకుండా అతని ఇంటి తలుపులకు ఒక్కొక్కదానికీ ఒక్కో నంబరు ఇచ్చినట్టు! ఇది ఇట్లా ఎందుకైందో తెలియాలంటే పోస్టెల్ దగ్గరకే పోవాలి.

జోనథన్ బ్రూస్ పోస్టెల్ 1943 ఆగస్టు 6న కాలిఫోర్నియాలోని ఆల్టడీనాలో పుట్టాడు. లాస్ ఏంజెలెస్ నగరంలోనే వాన్ నైస్ హైస్కూల్లో చదివాడు. తర్వాత ఇంటర్నెట్టుకు మూలస్తంభాలైన వింట్ సర్ఫ్, స్టీవ్ క్రాకర్లు కూడా ఆ బడిలో చదివినవారే. అదేం బడో గాని, ఒక్క బడి నుంచి ముగ్గురు! ముగ్గురూ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం లాస్ ఏంజెలెస్ శాఖలో లెనార్డ్ క్లైన్‌రాక్ ప్రొఫెసరు లాబులో మళ్ళీ కలిశారు. పోస్టెల్ 1966లో ఇంజనీరింగు డిగ్రీ, 1968లో మాస్టర్సు, 1974లో కంప్యూటర్ సైన్సులో డాక్టరేటు పుచ్చుకున్నాడు.

1969లో అమెరికా రక్షణశాఖ డబ్బుతో ఆర్పానెట్ మొదలైంది. దాని మొట్టమొదటి మజిలీ వీళ్ళ లాబే. అప్పటికి వీళ్ళు పరిశోధక విద్యార్థులు. పెద్దలెవరో వచ్చి నియమాలు రాసిస్తారని ఎదురుచూశారట, ఎవరూ రాలేదు. క్రాకర్ 1969 ఏప్రిల్‌లో తమ ఆలోచనలను పత్రాలుగా రాయడం మొదలుపెట్టాడు. ఆజ్ఞల్లా కనపడకూడదని వాటికి అభిప్రాయాలు కోరే పత్రాలని పేరు పెట్టాడు. అవే ఆర్.ఎఫ్.సి.లు. ఎవరైనా రాయవచ్చు, ఎవరైనా విమర్శించవచ్చు. ఆ పత్రాలకు నంబర్లు వేసి, సరిదిద్ది, భద్రపరిచే పని పోస్టెల్ చేతికి వచ్చింది. వచ్చిన పని ఆయన ప్రాణం పోయేదాకా చేతిలోనే ఉండిపోయింది.

పత్రాల నంబర్లు ఒక ఎత్తయితే, యంత్రాల నంబర్లు ఇంకో ఎత్తు. ఇద్దరు ఒకే నంబరు వాడుకుంటే ఎవరి ఉత్తరం ఎవరికి పోతుందో తెలియదు. మన ఊళ్ళలో పట్వారీ పుస్తకంలో ఒకే సర్వే నంబరుకి ఇద్దరు హక్కుదారులు పడితే ఏమవుతుందో విడమర్చి చెప్పనక్కర్లేదు. 1972 మేలో, ఏ సేవకు ఏ నంబరన్నది ఒకరు కూర్చుని పంచాలని పోస్టెల్ ఒక చిన్న పత్రం రాశాడు. అందులో ఆ పెత్తనానికి తననే, బ్రాకెట్లో ఒక ప్రశ్నార్థకం పెట్టి, సూచించుకున్నాడు. సగం హాస్యం, సగం నిజం. ఎవరూ అడ్డు చెప్పలేదు. నియామకపత్రం లేదు, ఎన్నిక లేదు. ఒక నోటుబుక్కు, ఒక మనిషి. ఈ దుకాణానికే తరవాత ఐయానా అన్న పెద్ద పేరొచ్చింది.

కొన్నాళ్ళు మరి రెండు మూడు సంస్థల్లో పనిచేసి, 1977 మార్చిలో ఆయన సదరన్ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు ఇన్ఫర్మేషన్ సైన్సెస్ ఇన్‌స్టిట్యూటులో చేరాడు. సముద్రపు ఒడ్డున మరీనా డెల్ రే అన్న చోట దాని ఆఫీసు. అక్కడ చేరిన అయిదు నెలలకు, 1977 ఆగస్టు 15న, ఒక చిన్న పత్రం రాశాడు. (మన స్వాతంత్ర్య దినమే! ఆ తేదీకీ ఇంటర్నెట్టుకీ ఏదో లంకె ఉన్నట్టుంది. మన దేశంలో వి.ఎస్.ఎన్.ఎల్. మామూలు జనానికి ఇంటర్నెట్టు ఇచ్చింది కూడా 1995 ఆగస్టు 15నే.) నా మట్టుకు నాకు ఆయన రాసినవాటిలో అన్నిటికన్నా బరువైనది ఇదే.

అప్పటికి సర్ఫ్, బాబ్ కాన్ కలిసి 1974లో ప్రకటించిన టి.సి.పి. ఒక్కటే ముద్దగా ఉండేది. ప్యాకెట్టును మజిలీ నుంచి మజిలీకి చేరవేయడం ఒక పని. అసలు చిరునామాదారుకి అన్నీ వరుసగా, నష్టం లేకుండా అందాయా అని చూడటం వేరొక పని. రెండూ ఒకే పాత్రలో వండుతున్నారు. ఇది తప్పు దారి అని పోస్టెల్ నిర్మొహమాటంగా రాశాడు. మధ్య మజిలీలకు మొదటి పని చాలు, రెండోది రెండు కొసల యంత్రాలే చూసుకోవాలి, కనుక విడదీయండి అన్నది ఆయన వాదం. మరి కొందరూ అదే మాటన్నారు. 1978లో విడదీశారు. అట్లా పుట్టినదే ఐ.పి. విడిపోయిన ఆ ఐ.పి. చాలా చిన్నది, బక్కపలచనిది. బక్కదవడం వల్లే అది ఏ తీగ మీదైనా, ఏ రేడియో మీదైనా కూర్చోగలిగింది. కింద అడాప్టరు ఏదైనా పైన అదే ఐ.పి. ఒకే యంత్రంలో వైరునీ, వైఫైనీ, ఫోనునీ పక్కపక్కన పెట్టి, ఏది ముందు అని అంకెలు వేసి తేల్చుకునే స్వేచ్ఛ అక్కడి నుంచి వచ్చింది. పైనున్న బ్రౌజరుకి ఆ గొడవే పట్టదు.

1981 సెప్టెంబరులో పోస్టెల్ సంపాదకత్వంలో వరుసగా 791, 792, 793 పత్రాలు వెలువడ్డాయి. మొదటిది ఐ.పి., రెండోది పింగ్ కొట్టినప్పుడు పనిచేసే ఐ.సి.ఎం.పి., మూడోది టి.సి.పి. అదే నవంబరులో, పాత పద్ధతి నుంచి కొత్తదానికి ఎట్లా మారాలో ఒక పథకం కూడా ఆయనే రాశాడు. ఆ ప్రకారమే 1983 జనవరి 1న ఆర్పానెట్ యావత్తూ మారింది. 1982 ఆగస్టులో ఈమెయిలు పోయే నియమాలు కూడా ఆయన చేతి మీదుగానే వచ్చాయి. ఇవన్నీ ఒక్కడి బుర్రలో పుట్టినవని అనుకోకూడదు; చాలామంది ఆలోచన అది. పదిమంది మాటలను ఒక్క మాటగా తెలియజెప్పేలా రాయడం ఆయన పని. ఆ పని తేలికనుకునేవారు ఒకసారి యూనియన్ మీటింగు మినిట్సు రాసి చూడాలి.

అడ్రసు అడాప్టరుదన్న నిర్ణయమూ ఆ పత్రాల్లోనే ఉంది. దాని ఫలితం మనం రోజూ అనుభవిస్తాం. వైరు మీద పెద్ద ఫైలు దిగుతున్నది. ఎవరి కాలో తగిలి వైరు ఊడింది. వైఫై వెంటనే అందుకుంది, అయినా ఫైలు మొదటికొచ్చింది. ఎందుకంటే టి.సి.పి. ఒక సంభాషణను గుర్తుపట్టేది రెండు కొసల అడ్రసులతోనూ పోర్టు నంబర్లతోనూ. అడాప్టరు మారితే అడ్రసు మారింది, అవతలివాడి దృష్టిలో మనిషే మారిపోయాడు. టి.సి.పి.ని ఐ.పి. నుంచి విడదీయమన్న వారే, టి.సి.పి.ని ఐ.పి. అడ్రసుకు కట్టేయడానికి ఒప్పుకున్నారన్నమాట. ఇది లోపమే అని నేననుకుంటాను. కాని న్యాయంగా చెప్పాలంటే, 1981లో నెట్‌వర్కుకు తగిలించిన కంప్యూటరు అంటే చాలావరకు ఒక పెద్ద యంత్రం. అది కదిలేది కాదు, జేబులో పెట్టుకు తిరిగేది అంతకన్నా కాదు. ఒకే యంత్రానికి చాలా అడాప్టర్లుంటే ఏం చెయ్యాలన్నది 1989 అక్టోబరు నాటి 1122వ పత్రంలో వివరంగా చర్చించారు. దానికి సంపాదకుడు అదే సంస్థలో పనిచేసే రాబర్ట్ బ్రేడన్.

ఇక వైఫై సంగతి. వైరు మీద నడిచే ఈథర్‌నెట్ 1973లో జిరాక్స్ కంపెనీ పరిశోధనాలయంలో పుట్టింది. అవును, మన నోట్సు తీసే ఆ జిరాక్సే. అమీర్‌పేటలో ఆ కంపెనీ పేరు రెండు రకాలా అన్నం పెడుతున్నది! ఈథర్‌నెట్ మీద ఐ.పి.ని ఎట్లా ఎక్కించాలో 1984లో వేరొకరు రాశారు. 802 అన్న ప్రమాణాల కుటుంబం మీద ఎట్లా ఎక్కించాలో 1988 ఫిబ్రవరిలో పోస్టెల్, ఆయన సహచరి జాయిస్ రేనాల్డ్స్ రాశారు. 1042వ పత్రం అది. ప్యాకెట్టు ముందర ఆరు అంకెలు పెట్టమన్నారు: 170, 170, 3, ఆపైన మూడు సున్నాలు. వైఫైకి పునాది అయిన 802.11 వచ్చింది 1997లో, అంటే తొమ్మిదేళ్ళ తరవాత. అయినా ఆ ఆరు అంకెలనే తీసుకుంది. ఇప్పుడు మన గదిలో వైఫై అడాప్టరు గాలిలోకి వదిలే ఐ.పి. ప్యాకెట్టు మొదట్లో ఆ ఆరు ఉంటాయి. ఆరు అంకెలే, పేరు కూడా ఎవరూ తలుచుకోరు.

మనిషి చూడటానికి ఒక మునిలా ఉండేవాడు. గుండెల దాకా గడ్డం, కాళ్ళకు చెప్పులు, మితభాషి. కొండల్లో మూట వీపున వేసుకుని రోజుల తరబడి నడవడమంటే ఇష్టం. రక్షణశాఖ ఆసాములతో కూర్చోవాల్సి వచ్చినా వేషం మార్చేవాడు కాదని ఆయన్ని ఎరిగినవారు చెబుతారు. యంత్రాలు పరస్పరం మెలగవలసిన తీరు గురించి ఆయన పెట్టిన ఒక సూత్రం ఉంది: తాను పంపేటప్పుడు నియమం తప్పకూడదు, ఎదుటివాడు పంపినదానిలో చిన్న తప్పులుంటే సర్దుకుపోవాలి. ఈ ఓర్పు వల్లే నానాజాతి యంత్రాలు మాట్లాడుకోగలిగాయి. అదే ఓర్పు వల్ల తప్పుడు అలవాట్లు కూడా పాతుకుపోయాయని తరవాతి తరం ఇంజనీర్లు అన్నారు. రెండూ నిజమే.

1980లలో పేర్ల వ్యవహారం వచ్చింది. నంబర్లు గుర్తుండవని 1983లో పాల్ మొకాపెట్రిస్ డొమైను పేర్ల పద్ధతిని పత్రాలుగా రాశాడు. ఆ పని ఆయనకు అప్పజెప్పింది పోస్టెలే. కామ్, ఎడ్యు వంటి తోకలు ఏవేవి ఉండాలో 1984లో పోస్టెల్, రేనాల్డ్స్ కలిసి ప్రకటించారు. దేశాలకు తోకలివ్వడం దగ్గర పెద్ద గొడవ అయ్యేదే: ఏది దేశం, ఏది కాదు? పోస్టెల్ ఆ గొడవను తెలివిగా తప్పించుకున్నాడు. అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ వారి రెండక్షరాల జాబితా ఒకటి అప్పటికే ఉంది. అందులో ఉంటే ఇస్తాను, లేకపోతే లేదు. అట్లా 1989లో మన దేశానికి డాట్ ఇన్ వచ్చింది. మొదట్లో దాన్ని బొంబాయిలోని నేషనల్ సెంటర్ ఫర్ సాఫ్ట్‌వేర్ టెక్నాలజీ చూసుకునేది.

ఇంతవరకూ అంతా స్నేహాల మీద నడిచింది. చేయి తడపమని అడిగినవాడు లేడు, తడిపినవాడూ లేడు. 1990లలో డబ్బు వచ్చింది. పేర్లు నమోదు చేసే పని అమెరికా ప్రభుత్వ ఒప్పందం మీద నెట్‌వర్క్ సొల్యూషన్స్ అనే కంపెనీకి వెళ్ళింది. 1995 సెప్టెంబరు నుంచి వాళ్ళు ఒక్కో పేరుకి ఏడాదికి 50 డాలర్లు వసూలు చేయసాగారు. పోస్టెల్ చిట్టాకి ఒక్కసారిగా ఖరీదు ఏర్పడింది. ఎవరీయన, ఎవరిచ్చారు ఈ అధికారం అని లాయర్లు అడగడం మొదలుపెట్టారు. అడగవలసిన ప్రశ్నే. మన దగ్గర కూడా పట్వారీల, కరణాల పెత్తనం 1984లో రామారావు ప్రభుత్వం తీసేసేదాకా పుస్తకం ఎవరి చేతిలో ఉంటే ఊరు వాళ్ళదే. చిట్టా రాసేవాడు మంచివాడు కావడం అదృష్టమే గాని, ఏర్పాటు కాదు.

1998 జనవరి 28న ఆయన చేసిన పని మీద పండితులు నేటికీ ఏకాభిప్రాయానికి రాలేదు. ప్రపంచమంతా పేర్లు వెతుక్కునే మూల సర్వర్లు అప్పటికి పదమూడు. మొదటిది ఆ కంపెనీ దగ్గర ఉండేది, మిగతావి దాన్ని చూసి నకలు తీసుకునేవి. పోస్టెల్ ఎనిమిది సర్వర్ల నిర్వాహకులకు ఈమెయిలు పంపాడు: ఇకమీదట ఆ కంపెనీ యంత్రం నుంచి కాక నా యంత్రం నుంచి నకలు తీసుకోండి అని. ఎనిమిదిమందీ మారు మాట్లాడకుండా మార్చేశారు. రెండు జాబితాల్లోనూ అవే పేర్లు ఉన్నందున సామాన్యుడికి తేడా తెలియలేదు. హాస్టలు గదిలో మెట్రిక్ మార్చినంత నిశ్శబ్దంగా జరిగిపోయింది. కాని తెల్లభవనంలో కలకలం పుట్టింది. అధ్యక్షుడు క్లింటన్ సలహాదారు ఇరా మాగజైనర్ గట్టిగా నిలదీశాడు. అది ఒక పరీక్ష మాత్రమేనని చెప్పి, కొద్ది రోజుల్లో పోస్టెల్ అంతా యథాస్థితికి తెచ్చాడు. పరీక్షేనా? ఇంటర్నెట్టు మాట ఎవరి మాట మీద నడుస్తున్నదో చూపించాలనుకున్నాడనే నా నమ్మకం. చూపించాడు కూడా. అయితే ఒక్క ఈమెయిలుతో ఎనిమిది సర్వర్లు తిరగడం చూశాక, ఇంత శక్తి ఒక్క మనిషి చేతిలో ఉండటం మంచిదా అన్న భయం ఆయన మిత్రుల్లో కొందరికి కూడా కలిగి ఉంటే వారిని తప్పు పట్టలేం.

దాన్ని ఆయనా గ్రహించాడేమో. ఆ ఏడంతా చిట్టాను ఒక సంస్థకు అప్పగించే ఏర్పాట్లలో గడిపాడు. నిబంధనావళి చిత్తుప్రతులు తిరగరాశాడు, పార్లమెంటరీ కమిటీల్లాంటి వాటి ముందు సాక్ష్యం చెప్పాడు. 1998 సెప్టెంబరు 30న ఐకాన్ రిజిస్టరైంది. ఆయన దానికి సాంకేతిక విభాగాధిపతి కావలసి ఉంది. అక్టోబరులో గుండె కవాటానికి శస్త్రచికిత్స చేయించుకున్నాడు. దాని దరిమిలా 16వ తేదీన లాస్ ఏంజెలెస్‌లో చనిపోయాడు. 55 ఏళ్ళు.

ఆ నెలలోనే వింట్ సర్ఫ్ ఆయన మీద స్మృతివ్యాసం రాశాడు. దాన్ని కూడా ఆర్.ఎఫ్.సి.గానే అచ్చువేశారు. దానికి పడిన నంబరు 2468. ఆ నంబరు వేయడానికి మాత్రం పోస్టెల్ లేడు. సంపాదకత్వం రేనాల్డ్స్, బ్రేడన్‌లు అందుకున్నారు.